వియ్యపురాలి భాష

క్రీ భాషలో నేను మొదట నేర్చుకున్న మాట తొమ్మిది. పలకరింపు కాదు, నీళ్లు కాదు, అన్నం కాదు. కేకా-మితాతహ్త్. మితాతహ్త్ అంటే పది, కేకా అంటే దగ్గర దగ్గర. తొమ్మిదికి వాళ్లకు వేరే పేరు లేదు. పది దాకా వచ్చి గడపలో ఆగిన అంకె అది. పందొమ్మిది కూడా అంతే, దగ్గర దగ్గర ఇరవై. ఆ సంగతి తెలిసిన పూట నాకు ఆ భాష మీద నమ్మకం కుదిరింది. మరాఠీలో పందొమ్మిదిని ఏకోణీస్ అంటారు, అంటే ఒకటి తక్కువ ఇరవై. భివండీకి వచ్చిన కొత్తలో బజారులో ఏకోణీస్, ఏకోణతీస్ అని వింటూ తికమకపడేవాణ్ణి. భూమికి అటువైపు ఉన్నవాళ్లు కూడా ఇట్లాగే లెక్కపెడతారని తెలిసేసరికి పాత దోస్తు ఎదురైనట్టయింది.

నేను భివండీలోని టెంఘర్‌లో ఒక సాంచాల కార్ఖానాలో లెక్కలు చూసే మెహతాని. సాంచా అంటే మా దగ్గర మరమగ్గం. నా చదువు ఏడో తరగతితో ఆగింది. నూలు లెక్క, బట్ట లెక్క, అన్నీ ఆ చప్పుడు మధ్య తిరుగుతూ పట్టుకున్నవే. నా పద్ధతి ఒక్కటే. ఏ లెక్కనూ ఒక దిక్కు నుంచి చేసి ఊరుకోను. ఇంత నూలుకు ఇంత బట్ట రావాలని కడతాను. తర్వాత వచ్చిన బట్టను తూచి, దీనికి ఎంత నూలు పోయి ఉండాలో వెనక్కి కడతాను. రెండూ కలిస్తేనే లెక్క. కలవకపోతే తప్పు ఎక్కడో కూర్చుని ఉంది, వెతకాలి. కార్ఖానాలో దీన్ని ఉల్టా హిసాబ్ అంటారు. నా భార్య మాత్రం రోగం అంటుంది.

మా అక్క ఇదే ఊళ్లో నాగావ్‌లో ఉంటుంది. బావ పోయినప్పటి నుంచి కండెలు చుట్టే పని చేస్తోంది. సాంచాలో అడ్డంగా పోయే నూలును చిన్న చిన్న గొట్టాలకు చుట్టి ఇవ్వడం ఆ పని. అట్లా చుడుతూనే ఒక్కగానొక్క బిడ్డను నర్సు చదివించింది. నా మేనకోడలు ఇక్కడి దవాఖానల్లో కొన్నేళ్లు చేసి, తర్వాత కెనడాకు పోయింది. పెద్ద పట్నానికి కాదు. బాగా ఉత్తరాన, అడవులూ చెరువులే తప్ప ఊళ్లు పలచగా ఉండే చోట ఒక చిన్న దవాఖానకు. అక్కడి జనం క్రీ వాళ్లు, ఆ దేశంలో అందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్లు. ముసలివాళ్లు నొప్పి ఎక్కడుందో తమ భాషలో చెప్పుకుంటేనే తృప్తి పడతారట. అందుకని ఆమె నాలుగు మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత, ఆ మాటలు నేర్పిన మనిషినే పెళ్లి చేసుకుంటానని ఫోన్ చేసింది.

అతను ఆ ఊళ్లో రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. మంచు లేని రోజుల్లో చేపలు పడతాడు, ఇళ్లకు కప్పులు వేస్తాడు. ఆదివారం చర్చికి పోతాడు. మేం కూడా చర్చికి పోయేవాళ్లమే కాబట్టి అక్కకు ఆ ఒక్క మాట పట్టుకొమ్మలా దొరికింది. ఆమె ఏడవలేదు, అరవలేదు.

"మంచోడా?" అంది.

"మంచోడు మమ్మీ."

"పని చేస్తడా?"

"చేస్తడు."

"అయితే చూపియ్."

భివండీలో సాంచాలు శుక్రవారం బంద్ ఉంటాయి. ఆ రోజు ఊరు చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉంటుంది. మాకు శుక్రవారం పొద్దున అంటే వాళ్లకు గురువారం సాయంత్రం. ఆ పొద్దున అక్క చర్చికి కట్టుకునే చీర కట్టుకుని మా ఖోలీకి, అంటే మేముండే ఒంటి గదికి, వచ్చింది. నా భార్య ఆమెను ట్యూబ్‌లైట్ కిందికి తెచ్చి కూర్చోబెట్టింది.

"వదినె, బయటి దేశమోళ్లు మొఖం మొఖం చూస్కుంట మాట్లాడుతరంట. నువ్వు తల వంచకు. కొంగు గట్ల గుంజకు. సక్కగ కండ్లల్లకు చూడు."

అక్క కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ ముక్కు దాకా తెచ్చుకుని కూర్చుంది. తెర మీద మేనకోడలు, పక్కన అతను. వెడల్పాటి భుజాలు, వెనక్కి అల్లిన జడ, చేతిలో టోపీ.

"బాగున్నవా బిడ్డా?" అంది అక్క.

అతను ఒక్కసారి తలెత్తి చూశాడు. చూసిన వెంటనే కళ్లు దించేశాడు. తర్వాత మెల్లగా పక్కకు జరిగాడు. కొంతసేపు తెర మీద అతని మోచెయ్యి మాత్రం కనిపించింది. అదీ పోయింది. ఎక్కడో తలుపు మూసిన చప్పుడు.

"కుక్కకు అన్నం పెట్టాలంట," అంది మేనకోడలు, నవ్వబోయి ఆగిపోతూ.

రెండో శుక్రవారం సగం వీపు తిప్పి కూర్చున్నాడు. మూడో శుక్రవారం అసలు రానే లేదు, లోపలి గదిలో అతని దగ్గు వినిపించింది. విచిత్రం ఏమిటంటే నాతో బాగానే మాట్లాడేవాడు. నేను ఒక్కణ్ణే ఫోన్ చేసినప్పుడు బయటికి పోయి తన బండి చూపించాడు. ఆ బండి ముందు పలక బరువెంతో, గంటకు ఎంత డీజిల్ తాగుతుందో చెప్పాడు. నా బజారు ఇంగ్లీషుకు ఓపిగ్గా చెవి ఒగ్గాడు, నేనేదో అంటే పగలబడి నవ్వాడు. అక్క ముఖం ఫోన్‌లోకి వస్తే చాలు, మాయమైపోయేవాడు.

"నాకేమన్న కొమ్ములు మొలిచినయారా?" అంది అక్క. "రేపు నా బిడ్డకు కష్టమొస్తే నేను ఎవర్ని అడగాలె? ఆ మోచెయ్యినా?"

"మమ్మీ, వో శర్మీలా హై. సిగ్గు, బస్," అంది మేనకోడలు. చదువంతా హిందీలో అయింది కాబట్టి గాబరా పడితే సగం మాటలు అందులోనే వస్తాయి.

"సిగ్గయితే మీ మామతోని గంట సేపు ఎట్ల మాట్లాడిండు? నాతోనే సిగ్గా? పెండ్లామును కన్న తల్లి మొఖం చూడబుద్ధి కానోడు పెండ్లామును ఎన్నొద్దులు చూస్తడు?"

లెక్క ప్రకారం అక్క మాటలో తప్పు లేదు. ఆ రోజు అక్క ఖచ్చితంగా చెప్పేసింది. ఈ పెళ్లికి తను ఒప్పుకోదు. ఒప్పుకోవాలంటే అతని తల్లితో తను నేరుగా మాట్లాడాలి.

"ఆమె ఇంగ్లీషు తక్కువనే మాట్లాడుతది మమ్మీ. క్రీ ఎక్కువ. నేను మధ్యల ఉండి చెప్త కదా."

"పెండ్లి చేస్కునేదానివి నువ్వే, మాట మోసేదానివి నువ్వేనా? నీకు నచ్చినట్టు మోస్తవు." అక్క నా వైపు తిరిగింది. "తమ్మీ, నువ్వు మేనమామవు. పిలగాని గురించి అడిగి తెలుసుకునుడు నీ పని. ఆమె మాటలు నువ్వు నేర్చుకో."

"నాకు ఇంగ్లీషే సగమొస్తది అక్కా."

"బట్టల నుంచి నూలును ఎనుకకు గుంజి లెక్క కడ్తవు. గిది రాదా? ఎండకాలం దాక ఆగుత. అప్పటికి నా మనసు నిమ్మళం కాకుంటే దాన్ని తిరిగి రమ్మంట."

ఆ సాయంత్రం మేనకోడలు నాకు విడిగా ఫోన్ చేసింది. "మమ్మీ వద్దంటే చేసుకోను మామా," అంది. "కాని తిరిగి కూడా రాను," అంది. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. బావ పోయిన తర్వాత ఆ ఇద్దరూ ఒకరికొకరు తప్ప లేనివాళ్లు. పెళ్లి తప్పిపోతే పోయేది పెళ్లి ఒక్కటే కాదు.

అతని తల్లి ఒప్పుకుంది. ఒప్పుకోవడమేమిటి, సంబరపడింది. ఆమె ఆ ఊరి బడిలో పిల్లలకు క్రీ నేర్పుతుంది. డెబ్బైకి దగ్గర వయసు, గుండ్రటి ముఖం, పూసల దండకు వేలాడే కళ్లద్దాలు. మాట్లాడుతున్నంత సేపూ చేతులు తోలు చెప్పుల మీద పూసలు కుడుతూనే ఉండేవి. ఖాళీ చేతులతో కూర్చోలేని ఆడమనిషిని నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి ఆమె నాకు కొత్తగా అనిపించలేదు.

"తానిసి," అంది మొదట. బాగున్నావా అని. బాగున్నానని చెప్పడం నేర్పబోయింది.

"ఒకటి రెండ్లు నేర్పండి ముందు," అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

ఆమె సూది ఆపి నవ్వింది. అందరూ పలకరింపు అడుగుతారు, వయసులో ఉన్నవాళ్లు ప్రేమ మాట అడుగుతారు, అంకెలు అడిగినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను అంది. పేయక్, నీసొ, నిస్తొ, నేవొ. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కో మాట చెప్పి, నేను సరిగ్గా అనే దాకా ఆగేది. కొన్ని మాటల నడుమ వచ్చే క, త ల ముందు చిన్నగా ఊపిరి వదలాలి. అది నాకు చాలా రోజులు పట్టుబడలేదు. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇది మా ఊరి క్రీ, పక్క ఊళ్లో కొన్ని మాటలు వేరేగా అంటారు, వాళ్లు నిన్ను తప్పుపడితే నా పేరు చెప్పు అని. కరీంనగర్ నుంచి భివండీకి వచ్చిన తెలుగుకూ సోలాపూర్ తెలుగుకూ ఎంత తేడా ఉందో చెబితే ఆమెకు సంతోషమయింది.

కార్ఖానాలో సాంచాల మధ్య నడుస్తూ వల్లె వేసేవాణ్ణి. సాంచా దెబ్బకు ఒక మాట సరిగ్గా అతికేది. పేయక్, నీసొ, నిస్తొ, నేవొ. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక నేత పనివాడు నా పెదవులు కదలడం చూసి చెవి దగ్గరికి వచ్చి అరిచాడు.

"మెహతాజీ, కౌన్‌సా మంతర్ పఢ్ రహే హో?"

మంత్రం కాదు, గిన్తీ, కెనడా వాళ్ల అంకెలు అన్నాను.

"వహాఁ భీ ఉంగ్లియాఁ దస్ హీ హోంగీ," అన్నాడు. అక్కడ కూడా వేళ్లు పదే ఉంటాయిలే అని. తెగిన పోగు ముడివేయడానికి పోయాడు.

ఇంట్లో నా భార్యకు అంకెలు పట్టలేదు గాని చాయ్ పట్టింది. క్రీలో చాయ్‌ని మస్కిహ్కీవాపోయ్ అంటారు. మందు నీళ్లు అని దాని అర్థం.

"చాయ్‌ని మందు అన్నరా? తెలివిగల్లోళ్లే," అంది. ఆ రోజు నుంచి గ్లాసు నా ముందు పెట్టి, "ఇగో, మీ వియ్యపురాలి మందు నీళ్లు," అనడం మొదలుపెట్టింది.

"ఇంకా వియ్యపురాలు కాలే."

"నేర్చుకునుడు చూస్తే అయినట్టే ఉన్నది."

తవావ్ అనే మాట నాకు బాగా నచ్చింది. ఇంటికి ఎవరైనా వస్తే అంటారు. రండి అని అర్థం, కాని మాటకు మాట చూస్తే చోటుంది అని. మా ఖోలీలో మంచం వాలిస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం ఎత్తాలి. అయినా ఎవరొచ్చినా కూర్చుంటారు. ఏకోసి అంటే అంతే, అయిపోయింది అని. నూలు లెక్కా బట్ట లెక్కా కలిసినప్పుడు ఆ మాట నా నోట దానంతటదే వచ్చేది. వాళ్ల భాషలో వీడ్కోలుకు మాట లేదని కూడా అతని తల్లి చెప్పింది. మళ్లీ నిన్ను చూస్తాను అంటారు, అంతే. మేం కూడా పోతున్న అనం, పోయొస్త అంటాం అని చెప్పాను. ఆమె ఆ మాటను నా చేత మూడుసార్లు పలికించుకుంది. అప్పటి నుంచి ఫోన్ పెట్టేసే ముందు చెయ్యి ఊపి, "పొయ్యొస్త," అనేది.

ఇన్ని మాటలు వచ్చాయి గాని, అక్క అప్పజెప్పిన పని మాత్రం అడుగు కదలలేదు. మీ అబ్బాయి మా అక్క ముఖం ఎందుకు చూడడు అని ఒక తల్లిని ఎట్లా అడగాలో ఏ భాషలోనూ నాకు తెలియలేదు. చలి తగ్గింది, ఎండలు మొదలయ్యాయి. అక్క చర్చి బయట కనబడితే నా ముఖంలోకి చూసి, తల తిప్పుకుని పోయేది.

ఒక శుక్రవారం అతని తల్లిని చుట్టరికాల పేర్లు చెప్పమన్నాను. ఇంగ్లీషులో అడగడం కష్టమైంది, ఎందుకంటే ఇంగ్లీషులో అందరూ అంకులే, అందరూ ఆంటీలే. అందుకని నేలమీద సుద్దతో రెండు వరుసలు గీశాను. ఒకటి అమ్మ దిక్కు, ఒకటి నాయిన దిక్కు. ఫోన్ వంచి ఆమెకు చూపించాను. ఆమె అద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చింది.

అమ్మ చెల్లెలు ఎవరు? నికావీస్. అంటే చిన్న అమ్మ, అంది. నేను నిటారుగా కూర్చున్నాను. మాకూ చిన్నమ్మే. నాయిన తమ్ముడు? ఆ మాట కూడా నాయిన మాటలోంచే పుట్టింది, చిన్న నాయిన. నా చేతిలో సుద్ద ఆగిపోయింది.

నాయిన చెల్లెలు? నిసికొస్. మేనమామ భార్య? నిసికొస్. పెళ్లాం తల్లి? నిసికొస్.

అత్త, అత్త, అత్త. మూడు దిక్కుల నుంచి కట్టినా ఒక్కటే మాట. మేనమామకూ, పిల్లనిచ్చిన మామకూ వాళ్ల మాట నిసిస్. మాకు మామ. చివరికి వియ్యంకులు ఒకరినొకరు పిలుచుకునే మాట కూడా ఉంది వాళ్లకు. నితిహ్తావావ్. హిందీలో సమధీ అంటారు, మనం వియ్యపురాలు అంటాం, ఇంగ్లీషులో దానికి మాటే లేదని మేనకోడలు ఎప్పుడో చెప్పింది. క్రీలో ఉంది. ఇన్నేళ్లలో ఎన్నో లెక్కలు కలవడం చూశాను గాని, ఇంత దూరపు లెక్క కలవడం చూడలేదు.

మేనరికాలు ఉండేవా మీలో అని చేతులతో, సుద్దతో, సగం సగం మాటలతో అడిగాను. ఆమె సూది పక్కన పెట్టింది. వెనకటి కాలంలో ఉండేవి, మా అమ్మమ్మది అదే సంబంధం అంది. మా అమ్మమ్మది కూడా.

ఆ ఉత్సాహంలో నాకు నోరు తెరుచుకుంది. "అయితే మా అక్క మీ వానికి నిసికొస్ అవుతది," అన్నాను.

"ఏహా," అంది, అవునని. ఆ మాట అంటూనే నవ్వి, అరచేతిని తన ముఖానికీ ఫోన్‌కూ మధ్య అడ్డం పెట్టి, తల పక్కకు తిప్పేసుకుంది. సరిగ్గా అతని లాగే.

నాకు అర్థం కాలేదు. ఆమె చెయ్యి తీసి, నెమ్మదిగా, నాకు తెలిసిన మాటలు ఏరుకుని చెప్పింది. మా పాత పద్ధతిలో మగవాడు నిసికొస్‌తో మాట్లాడడు. ముఖంలోకి చూడడు. ఆమె ఉన్న చోట ఎదురుగా కూర్చోడు. అది ఆమెకు ఇచ్చే పెద్ద మర్యాద. నా భర్త మా అమ్మతో ఒకే ఇంట్లో బతికాడు, ఒక్క మాట మాట్లాడలేదు. చాయ్ కావాలంటే మా కుక్కతో చెప్పేవాడు. ఎవరికో చాయ్ తాగాలని ఉన్నట్టుంది అని. మా అమ్మ పొయ్యి వైపు తిరిగి ఆ కుక్కతోనే చెప్పేది, అయితే కప్పు కడుక్కోమను అని.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వు ఆపింది. ఇప్పటి పిల్లలు చాలామంది ఇది పాటించరు, నా కొడుకు మా అమ్మ చేతుల్లో పెరిగాడు, వాడికి అది ఒంట్లో ఉంది అంది. దాన్ని విప్పి చెప్పడం కూడా మర్యాద కాదనుకుంటాడు, అందుకే పిల్లకు కూడా చెప్పి ఉండడు. కాని వాడు నన్ను ఒకటి అడిగాడు. ఆ తల్లి ఎందుకమ్మా అంత దగ్గరగా వచ్చి, అంత సూటిగా నా కళ్లలోకి చూస్తుంది, నేనేం తప్పు చేశాను అని.

ప్రతి లెక్కనూ రెండు దిక్కుల నుంచి చూసేవాణ్ణి, దీన్ని మాత్రం ఇన్నాళ్లూ ఇటు నుంచే చూశాను.

అప్పటికప్పుడే నాగావ్ పోయాను. అక్క గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అతని తల్లి నేర్పిన మాటల దగ్గర్నుంచి ఆ రోజు చెప్పిన సంగతి దాకా అంతా చెప్పాను. ఆమె చేటలోంచి తల ఎత్తలేదు. కుక్క సంగతి దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

"అమ్మమ్మ," అంది.

"అమ్మమ్మ ఏంది?"

"నీకు యాదికుండదు, నువ్వు చిన్నోనివి. నాయిన అత్తగారింటికి పోతే అమ్మమ్మ తలుపు ఎనుక నిలబడేది. ఎన్నడు ముందుకు రాలే. అల్లునికి కాళ్లకు నీళ్లియ్యమని నాకు చెప్పేది. నాకేమో చెంబు లేవదు. నాయిన నాతోని అనేటోడు, మీ అమ్మమ్మను జరసేపు కూసొమ్మను బిడ్డా, కాళ్లు గుంజుతయి అని. వాళ్లిద్దరి నడుమ నేనే ఆ కుక్కను."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. చేటలో బియ్యాన్ని వేలితో అటూ ఇటూ జరుపుతూ ఉంది.

"ఒకపారి నాయినకు జరమొచ్చి అక్కడ్నే పండిండు. అమ్మమ్మ గోడకు అవతల దిక్కు కూసోని, గంజి తాగిండా, చెమట పట్టిందా అని నన్ను తిప్పలు పెట్టింది. లోపటికి మాత్రం రాలే. అమ్మమ్మ పోయిన్నాడు అందరికన్న ఎక్కువ ఏడ్చింది ఎవరో తెలుసా? అమ్మ కాదు. నాయిన."

కొంతసేపటికి చేట పక్కన పెట్టింది. "నేను ఎక్కడ కూసున్ననో చూడు తమ్మీ. లైటు కింద. అద్దాలు పెట్టుకోని. నీ పెండ్లాము మాట విని అమ్మమ్మను మరిచిపోయిన. పిలగాడు జడుసుకోక ఏం చేస్తడు?"

"నీదేం తప్పున్నది, అతనిదేం తప్పున్నది."

"మరి వాడు ఎన్నటికి నాతోని మాట్లాడడా?"

"తెల్వదక్కా."

"తెల్వదంటే తెల్వదను, మంచిదే." చీర దులుపుకుని లేచింది. "చాయ్ పెడుత. అండ్ల చోటున్నది అనే మాట ఒకటి చెప్పినవు గదా, అది చెప్పు. ఇంకొకటి, వియ్యపురాల్ని ఏమంటరో అది కూడ."

రెండు మాటలకు ఆమె వారమంతా తీసుకుంది. కండెలు చుడుతూ అనేదట, పక్క మనిషి దయ్యం పట్టిందా అని అడిగిందట.

ఆ తర్వాతి శుక్రవారం అక్క మా ఖోలీకి రాగానే నా భార్య ట్యూబ్‌లైట్ వెయ్యబోయింది. "బంద్ చెయ్ పిల్లా, నీ లైటుకో దండం," అని తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది అక్క. కొంగు తల మీదికి లాక్కుంది. ఫోన్ నేను పట్టుకున్నాను. తెర మీద అతని తల్లి, పక్కన మేనకోడలు. నువ్వు నోరు తెరువద్దు అని అక్క బిడ్డకు ముందే చెప్పి పెట్టింది. ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది, వేళ్లు విరుచుకుంటోంది.

"తవావ్," అంది అక్క. ఊపిరి వదలవలసిన పని లేని మాట కాబట్టి చక్కగానే వచ్చింది.

ఆ పెద్దావిడ పూసలు ఒళ్లో పడేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీసినప్పుడు కళ్లు తడిగా ఉన్నాయి. "నితిహ్తావావ్," అంది.

"నితిహ్తావావ్," అంది అక్క. మాట మధ్యలో ఊపిరి వదలడం మరిచిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకున్న మాటలు కొన్నే. అక్క ఒకటి అడిగేది, నేను సగం క్రీలో సగం ఇంగ్లీషులో మోసేవాణ్ణి, అటు నుంచి వచ్చిన దాంట్లో నాకు అర్థమైనది అక్క ముందు పెట్టేవాణ్ణి. అర్థం కానిది అర్థం కాలేదని చెప్పాను. మీకు మోకాళ్ల నొప్పులున్నాయా అని అక్క అడిగినప్పుడు మాత్రం నా అవసరమే పడలేదు. తన మోకాలి మీద కొట్టుకుని చూపించింది, ఆమె రెండు మోకాళ్లూ కొట్టుకుని చూపించింది.

అప్పుడు తెర అంచున ఒక మోచెయ్యి కనిపించింది. మోచెయ్యి పక్కకు పెద్ద బూడిదరంగు కుక్క వచ్చి కూర్చుంది. అతని ముఖం కనబడలేదు. గొంతు మాత్రం వినిపించింది, ఒక్కో మాట తడిమి చూసుకుంటూ.

"అత్తమ్మ... చాయ్... తాగిందా?"

అడిగింది కుక్కను. కుక్క అతని వైపు చూసింది. మేనకోడలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అతనికి తెలుగు నేర్పింది ఎవరో అడగనక్కర లేకపోయింది. నా భార్య నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

అక్క ముఖం గోడ వైపు తిప్పుకుంది. కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుంది. "తాగిందని చెప్పు," అంది.

"ఎవరికి చెప్పాలె అక్కా?"

"ఎవరికేంది? ఆ కుక్కకు. పిలగాడు తిన్నడా అని కూడా అడుగు."

నేను కుక్కను అడిగాను. అవతల మోచెయ్యి వణికేంతగా నవ్వు వినిపించింది. నాతో ఒంటరిగా మాట్లాడినప్పుడు విన్న నవ్వు అదే.

కాసేపయ్యాక అక్క గోడ వైపు చూస్తూనే బిడ్డను పిలిచింది. "ఏమే, మీ దిక్కు మంచు ఎప్పుడు కరుగుతది?"

"ఇంక నెలకు, మమ్మీ. ఎందుకు?"

"పెండ్లి అప్పుడే పెట్టుకోండ్లి. నేను చలికి ఆగను."

మేనకోడలు కుక్క మెడను గట్టిగా కావలించుకుంది. అతని తల్లి ఏమైందని నన్ను అడిగింది. నాకు పెళ్లి అనే మాట క్రీలో తెలియదు, అది అడగడానికి ఇన్నాళ్లూ ధైర్యం చాలలేదు. "ఏకోసి," అన్నాను. ఆమెకు అర్థమయింది. చెయ్యి ఊపి, "పొయ్యొస్త," అంది.

ఇప్పుడు అక్క పాత చీరలన్నీ ముందరేసుకుని బొంత కుడుతోంది. అక్కడ దుకాణాల్లో దుప్పట్లు దొరకవా అని నా భార్య అంటే, దొరికితే దొరకనీ అంది. అల్లుడు ఎంత పొడుగో ఆమెకు తెలియాలి. అతన్ని అడగకూడదు కాబట్టి నన్ను అడిగింది, నేను వియ్యపురాలిని అడిగాను. ఆమె కొడుకును తలుపు పక్కన నిలబెట్టి చూసి వచ్చింది.

"కేకాచ్ నికొత్వాసిక్," అంది. కేకాచ్ అంటే తొమ్మిదిలోని ఆ కేకానే, నికొత్వాసిక్ అంటే ఆరు.

దగ్గర దగ్గర ఆరడుగులని అక్కకు చెప్పాను.

"దగ్గర దగ్గర ఏందిరా, లెక్కల మనిషివి అయ్యుండి? చలి దేశం, కాళ్లు బయటికొస్తయి," అంది అక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఏడు కుడుత."